బిస్కెట్ అంటే ‘రెండుసార్లు కాల్చినది’ అట, మరి ఒక్కసారే ఎందుకు కాలుస్తున్నాం?

వెన్నముద్ద (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒకే మాట బుర్రలో తిరుగుతోంది. మీలో ఎవరైనా ముడి విప్పుతారని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక అమెరికన్ వంటకం చూసి బిస్కెట్లు చేశాను. కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టే వేశాను. ఓవెన్ తలుపు తీసి చూస్తే అవి పొంగి, పొరలు పొరలుగా, దూదిలా మెత్తగా ఉన్నాయి. ఎక్కడో పొరపాటు చేశాననుకుని మర్నాడు మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఆ తర్వాత ఒక జర్మన్ వంటకం దొరికింది. దాని పేరూ బిస్కుట్ అనే ఉంది. అది చేస్తే ఏకంగా కేకు తయారైంది! పిల్లలు సంతోషంగా తిన్నారు గానీ నాకు మాత్రం టెన్షన్ మొదలైంది. బిస్కెట్ అంటే కరకరలాడాలి కదా?

ఇదంతా చెబితే ఒక స్నేహితురాలు, ‘అసలు బిస్కెట్ అనే మాటకి రెండుసార్లు కాల్చినది అని అర్థం’ అంది. అప్పటి నుంచి ఇంకా అయోమయం. నాకు తెలిసిన బిస్కెట్ వంటకాల్లో ఒక్కటి కూడా రెండుసార్లు కాల్చమని చెప్పదు. ఆవిడ చెప్పింది నిజమేనా? నిజమైతే ఆ రెండోసారి ఎక్కడికి పోయింది?

పదవేటగాడు

వెన్నముద్ద గారూ, మీ స్నేహితురాలు చెప్పింది అక్షరాలా నిజం.

లాటిన్‌లో ‘బిస్’ అంటే రెండుసార్లు, ‘కాక్టుస్’ అంటే వండినది, కాల్చినది. రెండూ కలిసి మధ్యయుగాల లాటిన్‌లో ‘బిస్కాక్టుస్’ అయింది. అది పాత ఫ్రెంచిలోకి ‘బెస్కుయిత్’గా వచ్చి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. ఇటాలియన్ ‘బిస్కొత్తి’ కూడా ఇదే మాట. జర్మన్‌వాళ్ళు ఇదే ఊహని తమ సొంత మాటలతో చెప్పుకుని ‘త్స్వీబాక్’ అన్నారు. త్స్వీ అంటే రెండు, బాక్ అంటే కాల్చడం. వీటన్నిటికంటే ముందే ప్రాచీన గ్రీకులో ‘దీపురోస్’ అనే మాట ఉంది, రెండుసార్లు నిప్పు చూసినది అని. అంటే ఈ పేర్లన్నీ పెట్టినవాళ్ళు రుచిని చూడలేదు, ఆకారాన్ని చూడలేదు. ఎన్నిసార్లు కాలిందో లెక్కపెట్టారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో ఈ మాట స్పెల్లింగు చూసి చాలామంది తికమకపడతారు, ‘క్విట్’ అని రాసి ‘కిట్’ అని పలకడమేమిటని. పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఇంగ్లీషువాళ్ళు చక్కగా బి, ఐ, ఎస్, కె, ఇ, టి అనే రాసుకున్నారు. తర్వాత ఫ్రెంచి స్పెల్లింగుని తెచ్చి పెట్టుకున్నారు, ఉచ్చారణ మాత్రం పాతదే ఉంచుకున్నారు. కాబట్టి మనం తెలుగులో ‘బిస్కెట్’ అని రాస్తున్నామే, అది ఆ పాత స్పెల్లింగుకి అచ్చం సరిపోతుంది. ‘బిస్కట్’ అనాలా ‘బిస్కెట్’ అనాలా అని ఎవరైనా వాదిస్తే ఈ సంగతి చెప్పండి.

కొత్త గరిటె

పదవేటగాడు గారూ, ఒక సందేహం. సంస్కృతంలో ‘పచ్’ అంటే వండటం కదా, పచనం, పాకం వగైరా. ఇంగ్లీషు ‘బేక్’ కూడా దాని చుట్టమేనా? పలకడానికి దగ్గరగానే ఉన్నాయి.

పదవేటగాడు

మంచి ప్రశ్న. కానీ కాదండి. బేక్ వేరే ధాతువు నుంచి వచ్చింది. గ్రీకులో వేయించడానికి వాడే ‘ఫోగేయిన్’ దానికి చుట్టం. ధ్వని పోలికని నమ్ముకుంటే ఇలాంటి చోట్లే కాలు జారుతుంది.

కానీ మీరు వెతుకుతున్న చుట్టరికం వేరే చోట దొరుకుతుంది. బిస్కెట్‌లోనే ఉంది! ‘కాక్టుస్’ అన్నాం కదా, దాని మూలక్రియ లాటిన్ ‘కొక్వెరె’. అది, సంస్కృత ‘పచ్’ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. మూలంలో మొదటి అక్షరం ‘ప’. లాటిన్‌లో మాట మధ్యలో ఉన్న ‘క్వ’ ధ్వని ప్రభావంతో మొదటి ‘ప’ కూడా ‘క్వ’గా మారిపోయింది. ఇది ఒక్క మాటలో జరిగింది కాదు. సంస్కృత ‘పంచ’కి లాటిన్‌లో ‘క్వింక్వె’ అంటారు, అక్కడా అదే మార్పు. ఇక ‘బిస్’ సంగతి. పాత లాటిన్‌లో అది ‘ద్విస్’. సంస్కృత ‘ద్విః’ అదే మాట.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. బిస్కెట్ = ద్విః + పక్వం. అర్థం చెప్పుకోవడానికి నేను చేసిన అనువాదం కాదిది. రెండు ముక్కల్లోనూ ధాతువులు నిజంగా ఒకటే. ‘ద్విపక్వం’ అని ఎవరైనా కొత్తగా పదం కట్టినా, అది బిస్కెట్‌కి తోబుట్టువే అవుతుంది. ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కొత్త గరిటె

ద్విపక్వం! ఈ మాట ఇక మరిచిపోను.

మరి పక్వం అంటే పండటం కూడా కదా? పండు పక్వానికి వచ్చింది అంటాం. లాటిన్‌లో కూడా అంతేనా?

పదవేటగాడు

అంతే. ఎండ కూడా వండుతుందనే ఊహ అందరిదీ. లాటిన్‌లో ‘ప్రైకాక్స్’ అంటే త్వరగా పండినది. అదే గ్రీకు, అరబ్బీ భాషల మీదుగా తిరిగి తిరిగి ఇంగ్లీషులో ‘ఆప్రికాట్’ అయింది. గ్రీకులో ‘పెపోన్’ అంటే పండినది, అది మారి మారి ‘పంప్‌కిన్’. అజీర్తిని ‘డిస్పెప్సియా’ అంటారు కదా, అందులోని ‘పెప్’ కూడా ఇదే. కడుపులో జరిగేదీ ఒక వంటే అని వాళ్ళ ఉద్దేశం. మనకీ జీర్ణమవడాన్ని పచనం అనడం ఉంది. ఇక ‘టెర్రకోటా’ అంటే కాల్చిన మట్టి, ‘రికోటా’ అంటే మళ్ళీ వండినది. బిస్కొత్తిలోని ‘కొత్తి’, వీటిలోని ‘కోటా’ ఒకే మాట.

సారె

టెర్రకోటా అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి. నాది మట్టి పని. మా పనిలో కూడా బిస్కెట్ ఉంది!

పచ్చి కుండని ఆరబెట్టి మొదటిసారి బట్టీలో కాలుస్తాం, సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ దశలో ఉన్న పాత్రని ‘బిస్కెట్’ అంటారు, ‘బిస్క్’ అని కూడా అంటారు. గట్టిగా ఉంటుంది కానీ సన్న రంధ్రాలతో నీళ్ళు పీల్చుకుంటుంది. తర్వాత దానికి గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, పూసి రెండోసారి కాలుస్తాం. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో గ్లేజు వేయకుండా వదిలేసిన తెల్లటి పింగాణి బొమ్మలకి మంచి గిరాకీ ఉండేది, వాటినీ బిస్కెట్ పింగాణి అనే అంటారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. మా దగ్గర బిస్కెట్ అంటే సరిగ్గా ఒక్కసారి కాలినది. రెండోసారి కాలాక దాన్ని బిస్కెట్ అనం. అంటే అర్థం తలకిందులైంది. ఎందుకు?

పదవేటగాడు

సారె గారూ, ఇది నాకు కొత్త సంగతి. నా ఆలోచన చెబుతాను. ఆ పేరు పెట్టినవాళ్ళు లెక్క చూసి పెట్టలేదు, చేతికి తగిలిన స్పర్శని చూసి పెట్టారు. పొడిగా, మెరుపు లేకుండా, తేమని పీల్చుకునేలా ఉన్న వస్తువు వాళ్ళకి ఓడ బిస్కెట్‌ని, అంటే నావికులు తినే గట్టి ఎండు రొట్టెని, గుర్తుచేసి ఉంటుంది. అప్పటికే ‘బిస్కెట్’లో ‘రెండు’ ఎవరికీ వినిపించడం లేదు, ‘ఎండినది’ అనే వినిపిస్తోంది. వెన్నముద్ద గారి అయోమయానికి కూడా తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తోంది.

తెరచాప

ఓడ బిస్కెట్ పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. నేను చాలా ఏళ్ళు సరుకు ఓడల మీద పనిచేశాను, పాత నావికుల తిండి గురించి చదవడం నాకు ఇష్టం.

ఈ రొట్టెని రెండుసార్లు కాల్చింది రుచి కోసం కాదండి. బతకడం కోసం. మామూలు రొట్టె సముద్రం మీద కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. పిండి, నీళ్ళు, కొంచెం ఉప్పు కలిపి, కాల్చి, ఎండబెట్టిన బిస్కెట్ తడి తగలకుండా ఉంటే నెలలు, ఏళ్ళు ఆగుతుంది. రోమన్ సైనికులకీ ఇలాంటి గట్టి రొట్టె ఉండేది, ‘బుకెల్లాతుమ్’ అనేవారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళం ఒక్కో నావికుడికి రోజుకి ఒక పౌండు బిస్కెట్ ఇచ్చేది. అంటే సుమారు 450 గ్రాములు. అదీ దాంతోపాటు ఇచ్చే ఒక గాలన్ బీరూ వాళ్ళకి ప్రధాన ఆహారం. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో బిస్కెట్‌కి ఇచ్చిన మొదటి అర్థం కూడా సముద్రం మీదకి తీసుకెళ్ళే గట్టి పొడి రొట్టె అనే.

అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకి ఇచ్చిన ‘హార్డ్‌టాక్’ ఇదే జాతి. పళ్ళు మొద్దుబారుతాయని దానికి పేర్లు పెట్టారు. తుపాకీ మడమతో పగలగొట్టి, కాఫీలో నానబెట్టుకుని తిన్నారు. పురుగులు పట్టడం మామూలు.

అందుకే ఆ అమెరికన్ మెత్తటి ముద్దల్ని బిస్కెట్ అంటే నా మనసు ఒప్పుకోదు. ఎందరో ఆకలి తీర్చిన మాట అది. మెత్తటి రొట్టెకి ఆ పేరు పెట్టడం తప్పే.

పొరలపిండి

తెరచాప గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, తప్పు అనకండి. ఆ మెత్తటి బిస్కెట్ మీ ఓడ బిస్కెట్‌కి మనవరాలే. నడుమ తరం ఒకటుంది, అది చూస్తే కథ అతుకుతుంది.

అమెరికా దక్షిణ ప్రాంతాల్లో ‘బీటెన్ బిస్కెట్’ అని ఉండేది. గట్టి పిండిని కొయ్య సుత్తితో అరగంట, ఇంకా ఎక్కువసేపు కూడా బాదేవారు. బాదేకొద్దీ, మడిచేకొద్దీ పొరల మధ్య గాలి చేరుతుంది. కాల్చాక ఓడ బిస్కెట్‌లా రాయిలా కాకుండా కొంచెం గుల్లగా వస్తుంది. ఈస్ట్ లేకుండా రొట్టెని గుల్ల చేయడానికి చేతులు పడిన కష్టం అది.

తర్వాత ఆ కష్టాన్ని రసాయనం తీసుకుంది. కలప బూడిద నుంచి తీసే ‘పెర్ల్‌యాష్’ని పిండిలో వేయడం పద్దెనిమిదో శతాబ్దం చివరికే వచ్చింది. 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో అది కనిపిస్తుంది. ఆ తర్వాత సోడా, బేకింగ్ పౌడర్. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు, అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫోర్డ్‌కి 1856లో పేటెంటు వచ్చింది. సుత్తి పక్కన పెట్టేశారు. అదే గుండ్రటి ఆకారం, ఈస్ట్ లేని అదే పిండి, అదే పేరు. గుల్లదనం మాత్రం పెరిగి పెరిగి దూది అయింది. ఏ ఒక్క రోజూ ఎవరూ పేరు మార్చలేదు. వస్తువే కొంచెం కొంచెంగా మారింది.

మరి కరకరలాడే తీపి బిస్కెట్‌కి అక్కడ పేరు? కుకీ. అది డచ్చి మాట. ‘కూక్’ అంటే కేకు, ‘కూక్యె’ అంటే చిట్టి కేకు. ఇప్పటి న్యూయార్క్ 1664లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చేముందు డచ్చివాళ్ళ స్థావరం. వాళ్ళ వంటింటి మాట అక్కడే ఉండిపోయింది. తీపి వస్తువుకి కుకీ అనే పేరు ఉంది కాబట్టి, బిస్కెట్ అనే పేరు మెత్తటి దానికి మిగిలింది. ఒక మాట ఖాళీ చేసిన చోట ఇంకో మాట కూర్చుంటుంది. స్కాట్లాండులోనేమో కుకీ అంటే సాదా బన్ను! అదీ మెత్తగానే ఉంటుంది.

తెరచాప

బీటెన్ బిస్కెట్ సంగతి నాకు తెలియదమ్మా. గట్టిదానికీ మెత్తదానికీ మధ్య తెగిపోయిన తాడు అనుకున్నాను, తెగలేదన్నమాట. నేనన్న ‘తప్పే’ అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వెన్నముద్ద

పొరలపిండి గారూ, చాలా థాంక్సండి. అంటే నా మొదటి రెండు ట్రేలూ సరిగ్గానే వచ్చాయి. మరి జర్మన్ కేకు సంగతి ఏమిటి? అది ఏ వైపు నుంచీ ఓడ బిస్కెట్‌లా లేదు.

పదవేటగాడు

జర్మన్ ఒక్కటే కాదు. ఫ్రెంచిలో ‘బిస్క్వీ’ అంటే మన బిస్కెట్ అర్థంతో పాటు, గుడ్లు గిలక్కొట్టి చేసే తేలికపాటి స్పాంజి కేకు కూడా. స్పెయిన్‌లో ‘బిత్కోచో’ అంటే స్పాంజి కేకే. మాట అదే, బిస్కాక్టుస్. అక్కడా వస్తువు మెల్లగా మారింది. తీపి బిస్కెట్లలో గుడ్లు, చక్కెర చేరాయి. గుడ్లు ఎంత గిలక్కొడితే అంత గుల్ల. ఆ పిండినే ఎండబెట్టకుండా మెత్తగా ఉండగానే తినడం అలవాటైంది. నిజంగా రెండుసార్లు కాల్చిన దానికి ఫ్రెంచివాళ్ళు ఇటాలియన్ నుంచి ‘బిస్కాత్’ అనే మాట తెచ్చుకున్నారు. ఒకే మాట ఒకే భాషలోకి రెండు దారుల్లో వచ్చి, రెండు వస్తువులకి పేరైంది.

ఇందులో నాకు చాలా నచ్చేది రస్కు. ఈ రోజుకీ రెండుసార్లు కాల్చేది అదే కదా. కానీ దాని పేరులో ‘రెండు’ లేదు! స్పానిష్, పోర్చుగీసు ‘రోస్కా’ నుంచి వచ్చింది, మెలి తిప్పిన రొట్టె చుట్ట అని అర్థం. రెండుసార్లు కాల్చినదానికి ‘చుట్ట’ అనే పేరు, ఒక్కసారి కాల్చినదానికి ‘రెండుసార్లు’ అనే పేరు.

ఓవెన్ మాస్టర్

నేను ఇరవై ఏళ్ళుగా బేకరీ పనిలో ఉన్నాను. మాటల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, ‘ఆ రెండోసారి ఎక్కడికి పోయింది’ అని వెన్నముద్ద గారు అడిగిన ప్రశ్నకి జవాబు ఓవెన్‌లోనే ఉంది.

రొట్టెలో 35 నుంచి 40 శాతం దాకా నీళ్ళుంటాయి. దాన్ని ఒకేసారి పెద్ద మంట మీద ఎండబెట్టాలని చూస్తే పైపొర మాడిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. అందుకే మొదటిసారి కాల్చి గట్టిపరిచి, అవసరమైతే ముక్కలు కోసి, రెండోసారి తక్కువ వేడిలో ఆరబెట్టేవారు. రెండోసారి జరిగేది కాల్చడం కాదు, ఆరబెట్టడం. ఇది అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది.

ఇప్పటి బిస్కెట్ పిండిలో నీళ్ళు మొదటి నుంచే చాలా తక్కువ. వెన్న, చక్కెర ఎక్కువ. పైగా పల్చగా ఒత్తుతాం. అందువల్ల లోపలి తడి బయటికి రావడానికి ఎక్కువ దూరం ప్రయాణించక్కర్లేదు. ఒక్క విడతలోనే తేమ 5 శాతం లోపుకి పడిపోతుంది. ఆ రెండోసారి ఎక్కడికీ పోలేదండి, మొదటిసారిలోనే కలిసిపోయింది.

పేరు చూసి కాదు, కొలతలు చూసి పోల్చుకోండి. చల్లటి వెన్న, బేకింగ్ పౌడర్, పాలో మజ్జిగో బాగా ఎక్కువ, ఓవెన్ 220 డిగ్రీల పైన అంటే అది అమెరికన్ మెత్తటి బిస్కెట్. గుడ్లు, చక్కెర నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి మైదా మెల్లగా కలపమంటే స్పాంజి. వెన్న, చక్కెర, మైదా, ద్రవం దాదాపు లేనట్టే, 160 నుంచి 180 డిగ్రీలు అంటే మీరు మొదటి నుంచీ వెతుకుతున్నది. పిండిని దుంగలా చుట్టి, కాల్చి, కోసి, మళ్ళీ ట్రేలో పరచమంటే బిస్కొత్తి.

కొత్త గరిటె

మాస్టర్ గారూ, అయితే బిస్కెట్‌కీ కేకుకీ అసలు తేడా ఏమిటి? పేరు నమ్మకూడదన్నారు కదా.

ఓవెన్ మాస్టర్

మా పనిలో ఒక పాత పరీక్ష ఉంది. గాలికి వదిలేసి మర్నాడు చూడండి. బిస్కెట్ మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది. బిస్కెట్ గాలిలోని తేమ లాక్కుంటుంది. కేకు తన తేమ పోగొట్టుకుంటుంది, పైగా దానిలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది.

పదవేటగాడు

ఈ పరీక్ష న్యాయస్థానం దాకా వెళ్ళింది! బ్రిటన్‌లో కేకులకి వ్యాట్ పన్ను లేదు, చాక్లెట్ పూసిన బిస్కెట్లకి ఉంది. జాఫా కేక్స్ అని ఉంటాయి, పేరులో కేకు, చూడటానికి బిస్కెట్, అమ్మేదీ బిస్కెట్ల పక్కనే. అవి ఏమిటో తేల్చడానికి 1991లో వ్యాట్ ట్రిబ్యునల్ కూర్చుంది. పరిమాణం, ప్యాకింగు, తినే తీరు చూస్తే బిస్కెట్‌లానే ఉన్నా, పదార్థాలు, మెత్తదనం, పాతబడితే గట్టిపడటం కేకు వైపు చూపించాయి. చివరికి కేకు అనే తీర్పు వచ్చింది. మాటకి హద్దు ఎక్కడ గీయాలో మనం సరదాగా మాట్లాడుకుంటున్నాం గానీ, దాని మీద పన్ను ఆధారపడినప్పుడు ఎంత లోతుగా చూశారో.

సారె

ఓవెన్ మాస్టర్ గారి మాటతో నా ప్రశ్నకీ జవాబు దొరికినట్టుంది. మా బట్టీలోనూ మొదటి కాల్పులో మట్టిలోని నీరంతా వెళ్ళిపోతుంది. చేతిలోకి తీసుకుంటే పొడిగా, తేలికగా, నాలుకకి అంటుకునేలా ఉంటుంది. లెక్క తప్పినా ఆ పేరు తప్పలేదు.

వెన్నముద్ద

నిన్న రాత్రి బిస్కొత్తి చేశాను. దుంగని ముందు 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చాను. పది నిమిషాలు చల్లారనిచ్చి, రంపపు పళ్ళ కత్తితో ఏటవాలుగా కోశాను. లోపల ఇంకా మెత్తగా, కేకులాగే ఉంది. ముక్కల్ని పరిచి 150 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి వేసి ఆరబెట్టాను. ట్రే బయటికి తీసేసరికి ముక్కలు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. పింగాణి ముక్కల చప్పుడులా ఉంది సారె గారూ, అబద్ధం కాదు.

మొదటి కాల్పు తర్వాత, రెండో కాల్పు తర్వాత ఒక్కో ముక్క పక్కన పెట్టి రెండూ తిన్నాను. ద్విపక్వం అంటే ఏమిటో నాలుకకి తెలిసింది.

మాస్టర్ గారూ, ఒక్కటే సమస్య. అడుగున ఉన్న ముక్కలు పొద్దునకి కొంచెం మెత్తబడ్డాయి. డబ్బాలోనే పెట్టి మూత బిగించాను కదా?

ఓవెన్ మాస్టర్

వేడిగా ఉండగానే మూత పెట్టి ఉంటారమ్మా. లోపలి ఆవిరి బయటికి పోలేక మళ్ళీ ముక్కల్లోకే వెళ్ళింది. జాలీ మీద పూర్తిగా చల్లారనిచ్చి, చేత్తో తాకితే ఏ మాత్రం వెచ్చదనం తగలనప్పుడు డబ్బాలో వేయండి. మెత్తబడ్డవాటిని పారేయకండి, 140 డిగ్రీల దగ్గర ఒక పది నిమిషాలు పెట్టండి.

కొత్త గరిటె

అప్పుడవి త్రిపక్వం అవుతాయి!

వెన్నముద్ద

ఓవెన్ వేడెక్కుతోంది. పెడుతున్నాను.